మాట పడిపోయిన మాస్టారి కారు

చోక్ నాబ్ బయటికి లాగితే డాష్‌బోర్డులోని చిన్న దీపం కాంతివంతంగా వెలిగేది. లోపలికి నెడితే మసకబారేది. నిజానికి చోక్‌కీ దీపానికీ ఏ సంబంధమూ లేదు. చోక్ అంటే చలి ఉదయాల్లో ఇంజనుకు పెట్రోలు కాస్త చిక్కగా అందేలా లాగే ఒక ఇనుప తీగ, అంతే. దానికి కరెంటుతో పని లేదు. ఈ వింత సంగతి నాకు మొదట చెప్పింది ఒక టీచరమ్మ. విని నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఎంత పని చెప్పిందో రాద్దామనే ఇప్పుడు కూర్చున్నాను.

సికింద్రాబాదులో ముప్పై ఏళ్ళకు పైగా కార్ల కరెంటు పని చేశాను. ఇప్పుడు మానేశాను. ఈ పనిలో ఉన్న మా వీధి పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, "అంకుల్, కంప్యూటర్ పెట్టకుండ మీరు ఫాల్టు ఎట్ల పట్టేటోళ్ళు?" అని. పట్టేవాళ్ళం, కొన్నిసార్లు. పట్టినవాటి గురించి చెప్పుకుంటే నాకు బాగుంటుంది. పట్టలేకపోయినదాని గురించి చెప్తే మీకు పనికొస్తుంది. అందుకని ఇది.

రాష్ట్రం ఒక్కటిగా ఉన్న రోజులు. చిలకలగూడలో, స్టేషన్ నుంచి నడిచివచ్చేంత దూరంలో, మా ఉస్తాద్ షెడ్డు ఉండేది. నాకు ఇరవై ఏడేళ్ళు. పని వచ్చేసిందనుకునే వయసు. మా ఉస్తాద్ అరవైకి దగ్గర పడ్డ మనిషి. పనిలో చెయ్యి పెట్టే ముందు ఒక బీడీ కాలేంతసేపు బండి చుట్టూ ఊరికే తిరిగేవాడు. అది బద్ధకమని నేను లోలోపల అనుకునేవాణ్ణి.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, నలభై ఏళ్ళ టీచరమ్మ గొడుగు ముడుస్తూ షెడ్డులోకి వచ్చింది. వేళ్ళకి ఇంకా సుద్దపొడి ఉంది. వాళ్ళ నాన్నగారి కారు సరిగా నడవడం లేదనీ, ఇల్లు మెట్టుగూడలో అనీ, కారును ఇక్కడి దాకా తెచ్చే ధైర్యం లేదనీ చెప్పింది. ఏ కారు అని ఉస్తాద్ అడిగాడు. ఆకుపచ్చది, ఇంగ్లండుది, రెండే సీట్లు అంది ఆమె.

ఉస్తాద్ బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. "గా బండా? గది ఇంక బతికే ఉన్నదా అమ్మా? నేను చిన్నగున్నప్పుడు పరేడ్ గ్రౌండ్ పొంటి పోతుంటె సైకిల్ ఆపి సూస్తుంటి."

"బతికే ఉందండీ. మా నాన్నగారిలాగే," అంది ఆమె. అని నవ్వబోయి ఆగిపోయింది.

మర్నాడు నేను వెళ్ళాను. పెంకుటిల్లు, వెనక పెరడు, పెరట్లో జామచెట్టు, దాని పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో ఆ కారు. మోకాలి ఎత్తు తలుపులు, పొడవాటి ముక్కు, కళ్ళలాంటి రెండు పెద్ద దీపాలు. పైకప్పు లేదు, గుడ్డ టాపు వెనక్కి మడిచి ఉంది. రేకుల సందుల్లోంచి వాన వెలిసిన వెలుగు ముదురాకుపచ్చ రంగు మీద చారలు చారలుగా పడుతోంది. పాత తోలు వాసన, పెట్రోలు వాసన, పండిన జామకాయల వాసన ఒక్కటిగా కలిసి వచ్చాయి. నేను అప్పటిదాకా వందల బండ్లు చూశాను. చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టింది మాత్రం ఆ ఒక్క బండిలోకే. ఎందుకు విప్పానో నాకే తెలీదు.

షెడ్డుకు ఎదురుగా పేము కుర్చీలో మాస్టారు కూర్చుని ఉన్నారు.

ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. వాళ్ళది కోస్తా వైపు. కుర్రతనంలో ఇక్కడి మిషన్ బడిలో సైన్సు చెప్పడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆ బడికి పెద్దగా ఉండిన ఒక దొర దేశం విడిచి వెళ్ళేటప్పుడు కారు తాళం మాస్టారి చేతిలో పెట్టి వెళ్ళాడట. తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా మాస్టారే దాన్ని చూసుకున్నారు. ఒక్క మెకానిక్‌నీ ముట్టుకోనిచ్చేవారు కాదట. భార్య పోయారు. ఇంట్లో ఉన్నది ఈ కూతురొక్కతే. ఎనిమిది నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా పడిపోయింది. ఇంగ్లీషు పూర్తిగా పోయింది. తెలుగులో నాలుగైదు మాటలు మిగిలాయి. అవైనా ఆయన పిలిచినప్పుడు వచ్చేవి కావు, వాటికి తోచినప్పుడు వచ్చేవి.

"దేని మీదా ఆసక్తి లేదండీ," అంది టీచరమ్మ తగ్గిన గొంతుతో. "రోజూ పొద్దున్నే కుర్చీ ఇలా కారు వైపు తిప్పమని సైగ చేస్తారు. అదొక్కటే అడుగుతారు. అందుకే, ఒక్కసారి ఇందులో కూర్చోబెట్టి తిప్పాలని. నాకు డ్రైవింగ్ వచ్చు, నాన్నగారే నేర్పారు. కానీ ఇది ఎక్కడపడితే అక్కడ ఆగిపోతోంది. మధ్యలో ఆగితే ఆయన్ని నేనొక్కదాన్నీ దించుకోలేను."

జబ్బేమిటో చెప్పమన్నాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. దీపాలు ఊరికే మసకబారతాయి, మళ్ళీ వాటంతటవే వెలుగుతాయి. ఇంజను నడుస్తూ నడుస్తూ ఏదో మరిచిపోయినట్టు ఆగిపోతుంది. స్టార్టరు ఒకరోజు బాగా తిరుగుతుంది, ఒకరోజు మూలుగుతుంది. చివరగా, చోక్ లాగితే దీపం బాగా వెలుగుతుంది అంది.

నేను నవ్వానని చెప్పాను కదా.

"నవ్వకండి. మూడుసార్లు చూశాను," అంది. ఆ గొంతు వింటే, ఆమె క్లాసులో ఎవరూ రెండోసారి నవ్వరని అర్థమైంది. కానీ నేను ఆమె క్లాసులో లేను.

ఇంజను మూత ఎత్తాను. ఆ కాలపు తీగలు, రబ్బరు మీద నేసిన గుడ్డ తొడుగు. వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ తీగ మాత్రం తళతళా మెరుస్తోంది. అది బాగుంది, మిగతావన్నీ కుళ్ళిపోయాయి అని తీర్పు చెప్పేశాను. మొత్తం తీగలు మార్చాలి అన్నాను. షెడ్డుకు తిరిగొచ్చి చెప్తే ఉస్తాద్ తల గోక్కున్నాడు.

"అన్ని తీగలు పీకుడెందుకురా? ముందుగాల జెర కూసోని సూడు. గా టీచరమ్మ చెప్పింది సుత జెర ఆలోచించు."

"ఆమెకేం తెలుసు ఉస్తాద్? చోక్ లాగితే లైటొస్తదంటది."

ఉస్తాద్ ఇంకో బీడీ తీశాడు.

ఆ తర్వాత మూడు వారాలు. నా ఉద్యోగ జీవితంలో అంత హాయిగా గడిచిన రోజులు ఇంకెప్పుడూ లేవని చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది, ఎందుకంటే ఆ మూడు వారాలూ నేను చేసింది అక్కర్లేని పని. రోజూ మధ్యాహ్నం మెట్టుగూడ వెళ్ళేవాణ్ణి. కారుతో వచ్చిన పుస్తకంలో వైరింగ్ పటం ఉండేది, మడతల దగ్గర చిరిగి, అంచులు పసుపెక్కి. దాన్ని షెడ్డులో నేల మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు జామకాయలు పెట్టేవాణ్ణి. ఒక తీగ తీయడం, దాని పొడవున కొత్తది కొయ్యడం, గుడ్డ టేపు చుట్టడం. దూరంగా రైలు వర్క్‌షాపు సైరను. స్టేషన్లోకి వచ్చే రైళ్ళ కూతలు చెమ్మగాలిలో మెత్తబడి వచ్చేవి. ఒక్కోసారి చినుకులు రేకుల మీద మొదలై, ఎవరో లోపల ఉన్నారని గుర్తొచ్చినట్టు ఆగిపోయేవి. సీటు కింద తల పెట్టి పని చేస్తుంటే, నేను బండి లోపల ఉన్నానో, ఎవరి కలలోపల ఉన్నానో తెలిసేది కాదు.

మాస్టారు ఎదురుగా కుర్చీలో ఉండేవారు. ఆయనతో నేను ఏవేవో మాట్లాడేవాణ్ణి. మా అమ్మ మోండా మార్కెట్లో కూరలు ఎలా బేరమాడేదో, మా ఉస్తాద్ బండి చుట్టూ ఎలా తిరుగుతాడో. ఆయన కళ్ళు నా చేతుల మీదే ఉండేవి. అప్పుడప్పుడు ఎడమచెయ్యి ఎత్తి నేల వైపు చూపించి ఒకే మాట అనేవారు.

"మన్ను."

మొదటిసారి విన్నప్పుడు కుర్చీ కింద మట్టి అంటుకుందేమో అనుకుని తుడిచాను. ఆయన తల అడ్డంగా ఊపి, కారు వైపు, మళ్ళీ నేల వైపు చూపించారు. "మన్ను. మన్ను."

అదే సమయంలో టీచరమ్మ బడి నుంచి వచ్చింది. ఆ మాట చెవిన పడగానే ఆమె ముఖం వాడిపోయింది. నన్ను పక్కకు పిలిచింది.

"మీరు రావడం మొదలైనప్పటి నుంచీ ఇదే మాట. కారును ఇలా ముక్కలుగా చూస్తుంటే ఆయనకి పోవాలనిపిస్తున్నట్టుంది. మన్నైనది మళ్ళీ మన్నవుతుందని మా చర్చిలో సమాధి ప్రార్థనల్లో చదువుతాం. ఆయన అదే అడుగుతున్నారు." చీర చెంగు వేలికి చుట్టుకుంటూ అంది, "త్వరగా పూర్తి చెయ్యండి బాబూ."

ఈ పని తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు కూడా, మీలో కొందరు ఈపాటికి గ్రహించే ఉంటారు. నాకు ఇంకా చాలా రోజులు పట్టింది. నేను చేతులు వేగంగా కదపడం మొదలుపెట్టాను. అంతే చేశాను.

పని పూర్తయిన రోజు ఒక గురువారం. దీపాలన్నీ వెలిగాయి. పని జరుగుతున్నన్ని రోజులూ, పాత బ్యాటరీని కష్టపెట్టడం ఎందుకని, ఇంజనును ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పే లేపాను. స్టార్టరును రెండే రెండుసార్లు చూశాను. బద్ధకంగానే అయినా తిరిగింది. ముసలిది కదా అనుకున్నాను. టీచరమ్మ అప్పటికింకా బడి నుంచి రాలేదు. మాస్టారి కళ్ళలో ఉత్సాహం కనిపించింది. ఆమె వచ్చేసరికి ఒక చిన్న చుట్టు తిప్పి తెచ్చి ఆశ్చర్యపరుద్దామనిపించింది. ఇంట్లో వంట చేసే పెద్దమ్మ వద్దనే అంది. "టీచరమ్మ లేదు గద బిడ్డా, జెర ఆగు," అంది. వినలేదు. మాస్టారిని రెండు చేతులా ఎత్తి ఎడమవైపు సీటులో కూర్చోబెట్టాను. పిట్టంత తేలిగ్గా ఉన్నారు.

వీధి మలుపు దాటేదాకా అంతా కలలాగే ఉంది. ఇంజను చప్పుడు గోడలకి తగిలి మెత్తగా వెనక్కి వస్తోంది. మాస్టారి నెరిసిన జుట్టు గాలికి లేస్తోంది. రైల్వే క్వార్టర్ల వైపు రైలు గేటు పడి ఉంది. ఇంజను ఆపాను. గూడ్సు బండి వెళ్ళింది, పెట్టె తర్వాత పెట్టె, ఎంతకీ అవకుండా. గేటు లేచింది. స్టార్టరు నొక్కాను. మూలిగింది. మళ్ళీ నొక్కాను. వెనక లారీ హారను. మళ్ళీ, ఇంకాస్త ఎక్కువసేపు నొక్కాను.

డాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ వచ్చింది. ఏమిటని చూసేలోపే ఘాటెక్కింది. మధ్యలో ఉన్న చోక్ తీగ మీది తొడుగు కరిగి, లోపలి ఇనుము ఎర్రగా కనిపిస్తోంది. అది మాస్టారి కుడి మోకాలికి ఆనుకుని ఉంది. ఆ కాలికి స్పర్శ లేదు. ఆయన పంచె కాలుతోంది, ఆయనకి తెలియడం లేదు.

స్టార్టరు వదిలేసి, చేత్తో నిప్పు ఆర్పి, ఆయన్ని ఎత్తుకుని రోడ్డు పక్కకి పరిగెత్తాను. ఎవరో నీళ్ళు తెచ్చారు. ఎవరో కారును పక్కకి నెట్టారు. మోకాలి పక్కన రూపాయి బిళ్ళంత చర్మం పొంగిపోయి ఉంది. నేను ఏడుస్తున్నాను. మాస్టారు ఏడవడం లేదు. ఎడమచేత్తో నా చొక్కా పట్టుకుని గుంజుతున్నారు. కారు కిందికి వేలు చూపిస్తున్నారు. "మన్ను," అంటున్నారు. "మన్ను! మన్ను!"

చనిపోతాననుకుంటున్నారని, "ఏం కాదు సార్, ఏం కాదు," అన్నాను. ఆయన నా చొక్కా వదిలేసి కళ్ళు మూసుకున్నారు. భయపడ్డ మనిషి ముఖం కాదది. ఎంత చెప్పినా లెక్క అర్థంకాని పిల్లవాడి ముందు అలసిపోయిన టీచరు ముఖం. ఇప్పుడు తెలుస్తోంది.

టీచరమ్మ ఒక్క మాటే అంది. "మీరింక రావొద్దు." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

మర్నాడంతా షెడ్డులో ఒక మూల కూర్చున్నాను. ఉస్తాద్ చూసీ చూడనట్టున్నాడు. సాయంత్రం పక్కన వచ్చి కూలబడ్డాడు.

"ఏందిరా, గట్ల కూసున్నవ్? బండికి నోరు లేదు. గా పెద్దమనిషికి సుత నోరు లేదు. ఇద్దరి నడుమ నోరున్నోనివి నువ్వొక్కనివి. మూడు వారాలు నువ్వే మాట్లాడినవ్." నా భుజం తట్టి అన్నాడు, "తప్పు అందరం చేస్తం. పరేషాన్ గాకు. పొయ్యి మాఫీ అడిగి రా. నా స్పానర్లు సుత ఆడ్నే ఉన్నయ్."

శనివారం పొద్దున వెళ్ళాను. వరండాలో టీచరమ్మ మాస్టారి మోకాలికి మందు రాస్తోంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. నేను మెట్టు మీద కూర్చున్నాను. తప్పైపోయిందని ఎలా చెప్పానో గుర్తులేదు.

"సోమవారం పాత ఇనుము కొనేవాళ్ళు వస్తున్నారు," అంది ఆమె. "కారు ఇచ్చేస్తున్నాను. అది కళ్ళెదుట లేకపోతే ఆయన ఈ ధ్యాస మరిచిపోతారేమో."

"ఏ ధ్యాస అమ్మా?"

ఆమె గోడవార నుంచి ఒక పలక తీసి నా ముందు పెట్టింది. "రాయమని డాక్టరు చెప్తే ఇచ్చాను. అక్షరం రాయలేరు. రోజూ ఇదొక్కటే గీస్తారు. ఎవరూ చూడకూడదని నేను తుడిచేస్తుంటాను. చూడండి. సిలువ, కింద సమాధి మెట్లు. బతికుండగానే నాన్నగారు రోజూ తన సమాధి గీసుకుంటుంటే..." ఆమె చెయ్యి తుడిచే గుడ్డ కోసం వెతికింది.

పలక మీద వణికిన ఎడమచేతి గీతలు. ఒక నిలువు గీత. దాని కింది కొసన అడ్డంగా ఒక పొడుగు గీత, దాని కింద అంతకంటే చిన్నది, దాని కింద ఇంకా చిన్నది. చెయ్యి ఆగక నిలువు గీత మొదటి అడ్డగీతను కాస్త దాటింది. అందుకే సిలువలా ఉంది.

ఆ గుర్తును నేను మూడు వారాలు రోజూ చూశాను. నాలుగు జామకాయల మధ్య పరిచిన పటంలో, ప్రతి దీపం పక్కనా, ప్రతి తీగ చివరా.

పలక చేతిలోకి తీసుకున్నాను. "అమ్మా, ఇది సమాధి కాదు. ఎర్త్," అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. వివరించాను. బ్యాటరీ నుంచి కరెంటు తీగలో వెళ్తుంది, తిరిగి రావడానికి కారు ఇనుప బాడీయే దారి. ఆ తిరుగుదారిని ఎర్త్ అంటాం. పటాల్లో ఇలాగే గీస్తారు. మాస్టారికి ఇంగ్లీషు మాట పోయింది. అర్థం పోలేదు. ఎర్త్ అనబోతే నోటికి మన్ను వచ్చింది.

మాట పూర్తికాకముందే మాస్టారు ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద దబదబా బాదారు. ఎనిమిది నెలల తర్వాత ఆయన మాట ఒకటి అవతలి మనిషికి చేరింది. "మన్ను," అన్నారు. ఈసారి మెల్లగా, ఔనన్నట్టుగా.

టీచరమ్మ పలకను ఒళ్ళో పెట్టుకుని తండ్రి ముఖంలోకి చూసింది. "నాన్నగారూ, మీరు చెప్పింది కారు గురించా? మీరు... పోవాలని కాదా?" మాస్టారు తల అడ్డంగా ఊపారు. గట్టిగా, ఇంత తెలివితక్కువ ప్రశ్న వినలేదన్నట్టు. ఆమె ఆయన మోకాళ్ళ మీద తల పెట్టేసింది, కాలిన చోటు తగలకుండా. నేను షెడ్డు వైపు నడిచాను.

కారు కింద పడుకున్నాను. ఇంజను రబ్బరు దిండ్ల మీద కూర్చుని ఉంటుంది, బాడీకి ఎక్కడా తగలదు. కాబట్టి దానికి విడిగా ఒక ఎర్త్ పట్టీ ఉండాలి. ఉండాల్సిన చోట లేదు. టార్చి వేసి వెనక్కి జరుగుతూ వెతికాను. గేర్‌బాక్సు వెనక, ఎవరూ చూడని మూల, గడ్డకట్టిన మట్టిలో ఏదో వేలాడుతోంది. మట్టి రాల్చాను. రాగి తీగలు. ఒక కొస ఇంజను వైపు బోల్టుకి, ఒక కొస బండి చట్రానికి. మధ్యలో పోగులు ఒక్కొక్కటే తెగి, తెగి, చివరి పోగులు కూడా గేటు దగ్గరికి వెళ్ళే గతుకుల్లో తెగిపోయాయి. దారి లేక స్టార్టరు కరెంటంతా ఆ సన్నటి చోక్ తీగ గుండా ఇంటికి, అంటే బ్యాటరీకి పోయింది. చోక్ లాగితే దీపం ఎందుకు వెలిగేదో ఇప్పుడు ఎవరికైనా చెప్పగలను: లాగినప్పుడు ఆ తీగ బిగిసి, తిరుగుదారి కాస్త బాగా కలిసేది.

రెండు బోల్టులూ విప్పి, ఆ తునకలు తెచ్చి టీచరమ్మకి చూపించాను. ఆమె చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"ఇది నేను అల్లింది," అంది.

నాకు అర్థం కాలేదు.

"నాకు పదేళ్ళప్పుడు. ఒకసారి ఇంజను దించి ఎక్కించారు, ఏదో పట్టీ పోయిందన్నారు. నాన్నగారు బడి లాబులోంచి పాత రాగి తీగలు తెచ్చి, జడ అల్లినట్టు అల్లి ఇవ్వమ్మా అన్నారు. మూడు పాయలు. చూడండి, చివర ముడి కూడా జడ ముడే." ఆమె వేలు ఆ మూడు పాయల మీద మెల్లగా నడిచింది. "ముప్పై ఏళ్ళు దీని మీద నడిచిందా ఈ బండి?"

మాస్టారు చెయ్యి చాపారు. ఆమె తునకని ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

మధ్యాహ్నానికి ఉస్తాద్ స్వయంగా వచ్చాడు, కొత్త పట్టీ పట్టుకుని. అరవై ఏళ్ళ మనిషి, నేను వద్దంటున్నా వినకుండా, "జరుగు, గింత పెద్దమనిషి బండి కింద నేను సుత ఒకసారి పండుకోవాలె," అంటూ కారు కిందికి దూరాడు. కాలిన చోక్ తీగ నేను మార్చాను. స్టార్టరు నొక్కితే ఇంజను ఒక్క ఊపులో లేచింది. టీచరమ్మ వంగి చోక్ లాగింది, నెట్టింది, మళ్ళీ లాగింది. దీపం కదలలేదు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపుకి నేను తల వంచుకున్నాను. నేను వేసిన కొత్త తీగలన్నీ ఆ బండిలో చక్కగా పనిచేస్తున్నాయి. అవి లేకపోయినా పాతవి ఇంకొన్నేళ్ళు పనిచేసేవి.

సోమవారం పాత ఇనుము వాళ్ళు వచ్చి ఉత్త చేతులతో వెళ్ళారట.

తర్వాతి ఆదివారం పొద్దున, చర్చి నుంచి వచ్చాక బయల్దేరుదామన్నారు. నన్నూ రమ్మన్నారు. రెండే సీట్లు కాబట్టి గేటు తీయడమే నా పని. మాస్టారు తెల్ల చొక్కా వేసుకున్నారు. టీచరమ్మ స్టీరింగు ముందు కూర్చుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వాచీ విప్పి డాష్‌బోర్డు మీద పెట్టింది. ఇంజను గొంతు సవరించుకుంది. కారు గేటు దాటి, ఎండలోకి ఆకుపచ్చగా జారి, మలుపు తిరిగింది. చప్పుడు కాసేపు వినపడి, తర్వాత వినపడిందనిపించి, తర్వాత అదీ పోయింది.

ఒక అరగంట అన్నారు. గంటయింది. గంటన్నర. నాకు కాలు నిలవలేదు. ఎక్కడ ఆగిపోయిందో! గేటు దగ్గరేనా? ఆమె ఒక్కతీ ఆయన్ని ఎలా దించుకుంటుంది? స్పానరు జేబులో పెట్టుకుని నడక మొదలుపెట్టాను. రైలు గేటు దగ్గర లేదు. గేటుమన్ అన్నాడు, "పచ్చ కారా? పోయింది. ముసలాయన చెయ్యి ఊపిండు." మెట్టుగూడ అంతా తిరిగాను. చిలకలగూడలో ఇస్త్రీ బండాయన స్టేషన్ వైపు చూపించాడు. స్టేషన్ దగ్గర రిక్షావాళ్ళు మోండా వైపు చూపించారు. మోండాలో కొత్తిమీర కట్టలు కడుతున్న ఒక ఆమె, "ఇటే పోయిన్రు బిడ్డా, రెండుసార్లు పోయిన్రు," అంది. ప్రతి మలుపులోనూ బానెట్ ఎత్తి ఉన్న కారు కనిపిస్తుందనుకుంటూ తిరిగేవాణ్ణి. ప్రతి మలుపులోనూ ఖాళీ రోడ్డు, ఎండ, ఎవరో ఒకరు చెయ్యెత్తి ఇంకా ముందుకు చూపించడం. ఊరంతా ఆ కారును చూసింది, నేను తప్ప. ఎండలో అలా నడుస్తుంటే, కొంతసేపటికి భయం ఎక్కడో జారిపోయింది. నేను దేన్ని వెతుకుతున్నానో కూడా సరిగా గుర్తులేదు. వాళ్ళు వెళ్ళిన దారిలోనే నేనూ వెళ్తున్నాను, అంతే.

మాస్టారు ఆ తర్వాత రెండేళ్ళు బతికారు. మాటలు పెద్దగా రాలేదు. ప్రతి ఆదివారం ఆ కారు తిరిగింది. టీచరమ్మ చాలాకాలం దాన్ని తానే నడిపింది. నా చేత తప్ప ఎవరి చేతా ముట్టించలేదు, ఎందుకో మరి.

కానీ ఆ మొదటి ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి, కాళ్ళు లాగుతుంటే తిరిగి మెట్టుగూడ చేరాను. కారు షెడ్డులో ఉంది. బానెట్ ఇంకా వెచ్చగా ఉంది. వరండాలో తండ్రీకూతుళ్ళు టీ తాగుతున్నారు. ఇద్దరి ముఖాలూ ఎండకి ఎర్రబడ్డాయి.

"ఎక్కడికెళ్ళిపోయారు బాబూ?" అంది టీచరమ్మ. "మేమొచ్చి గంటయింది. నాన్నగారు మీ కోసమే చూస్తున్నారు."

జేబులో స్పానరు బరువుగా తగిలింది. మీ బండి ఎక్కడ ఆగిపోయిందోనని ఊరంతా వెతికానని ఎలా చెప్పను?

"ఊరికే అమ్మా. నడుద్దామనిపించింది," అన్నాను.

మాస్టారు నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూశారు. దుమ్ముకొట్టుకుపోయిన చెప్పులు, తడిసిన చొక్కా, ఉబ్బిన జేబు. చూసి నవ్వడం మొదలుపెట్టారు. పెద్దగా, ఎక్కడా తడబడకుండా, ఒక్క అక్షరం పోకుండా నవ్వారు. టీచరమ్మ ఆయన వైపు తిరిగి చూసి, నా జేబు చూసి, తానూ నవ్వింది. నేను మెట్టు మీద కూర్చుని వాళ్ళు ఇచ్చిన టీ తాగాను.